మీకు తెలుసా? పేగుపూత రోగికి ఆసుపత్రిలో మూడో రోజు

మూడు మంచాలకొక మరుగుదొడ్డి

పేగుపూత రోగులను ఉంచే వార్డులో ప్రతి మూడు మంచాలకూ కనీసం ఒక మరుగుదొడ్డి, అదీ సులువుగా చేరుకునేలా ఉండాలని 2009లో బ్రిటన్‌లో రాసుకున్న వైద్య ప్రమాణాల్లో ఉంది. మందులు, పరీక్షల గురించి చెప్పాల్సిన పత్రంలో మరుగుదొడ్ల లెక్క ఎందుకంటారా? రోజుకు పది పన్నెండు సార్లు, ఆపుకోలేని తొందరతో, నెత్తురుతో విరేచనాలయ్యే మనిషికి మంచానికీ మరుగుదొడ్డికీ మధ్య ఉన్న ఆ పాతిక అడుగులే పెద్ద పరీక్ష. చేతికి సెలైన్ ఉంటుంది. స్టాండు ఈడ్చుకుంటూ వెళ్లాలి. తీరా వెళ్తే లోపల ఇంకెవరో ఉంటారు. ఆ ప్రమాణాలు రాయడంలో వైద్యులు, సర్జన్లు, నర్సులతో పాటు రోగుల సంఘం కూడా పాలుపంచుకుంది. ఈ వాక్యం అందులోకి వచ్చింది వాళ్ల వల్లేనని నా నమ్మకం.

పేగుపూత అని మనం అంటున్నది ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్, పొట్టిగా ఐబీడీ. ఇందులో ప్రధానంగా రెండు జబ్బులున్నాయి. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపొరను పుండు చేస్తుంది. క్రోన్స్ జబ్బు నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మొత్తం మందాన్నీ తినేస్తుంది. టెన్షన్ పడితే కడుపు కలవరపెట్టే ఐబీఎస్ వేరు, ఇది వేరు. ఐబీఎస్‌లో పేగు పుండుపడదు.

మన దగ్గర ఇది అరుదు అనుకోవద్దు

తెల్లవాళ్ల జబ్బు అని వైద్య పుస్తకాలే ఒకప్పుడు రాసేవి. పంజాబ్‌లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే ఫలితాలు 2003లో వెలువడ్డాయి. లక్ష మందిలో సుమారు 44 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉందని తేలింది. దేశం మొత్తం మీద 2019 నాటికి ఐబీడీ రోగులు సుమారు 2.7 లక్షల మంది ఉంటారని అంతర్జాతీయ అంచనా. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆసుపత్రి బృందం తెలంగాణ పల్లెల్లో కూడా వెతికి చూసి, ఇది పట్నాలకే పరిమితమైన జబ్బు కాదని చెప్పింది.

అయినా మన ఊళ్లలో మలంలో నెత్తురు కనబడగానే మొలలు అనేస్తారు. నాటుమందు కొన్నాళ్లు, ఆర్‌ఎంపీ డాక్టరు ఇచ్చిన యాంటీబయాటిక్ కొన్నాళ్లు, జిగట విరేచనాల మాత్రలు కొన్నాళ్లు. పాతికేళ్ల పిల్ల పది కిలోలు తగ్గి, ఒళ్లంతా తెల్లబారాక పెద్దాసుపత్రికి వస్తుంది. నాలుగు వారాలు దాటినా నెత్తురు విరేచనాలు ఆగకపోతే గొట్టంతో పేగు లోపల చూసే స్కోపీ చేయించాలి. ఈ ఒక్క సంగతి ఊరూరా తెలియాలి.

చేతి గడియారం, థర్మామీటరు చాలు

అల్సరేటివ్ కొలైటిస్ ఎంత ముదిరిందో చెప్పడానికి ప్రపంచమంతా ఇప్పటికీ వాడుతున్న కొలమానం వయసు డెబ్బై ఏళ్లు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు వైద్యులు 1955లో ఇచ్చారు. రోజుకు ఆరు లేదా అంతకుమించి నెత్తురు విరేచనాలు. దాంతో పాటు ఈ నాలుగింటిలో ఏ ఒక్కటున్నా తీవ్రమైన దాడి కిందే లెక్క: నాడి నిమిషానికి 90 దాటడం, జ్వరం 37.8 డిగ్రీల సెల్సియస్ దాటడం, హిమోగ్లోబిన్ 10.5 కన్నా తగ్గడం, ఒంట్లో మంటను చూపే నెత్తురు పరీక్ష ఈఎస్‌ఆర్ 30 దాటడం. ఇందులో ఖరీదైన యంత్రంతో పనిపడేది ఒక్కటీ లేదు. మండల కేంద్రంలోని ఆసుపత్రిలో కూడా వీటిని చూసి, ఈ మనిషిని ఇంటికి పంపకూడదని తేల్చవచ్చు.

ఆ ఇద్దరు చేసిన పని అంతటితో ఆగలేదు. కార్టిసోన్ అప్పుడే కొత్తగా వచ్చిన స్టెరాయిడ్. సగం మందికి అది, సగం మందికి మందు లేని మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది వెళ్లిందో తెలియకుండా పరీక్షించారు. తీవ్రమైన దాడితో వచ్చినవాళ్లలో స్టెరాయిడ్ లేనివైపు దాదాపు నలుగురిలో ఒకరు చనిపోయారు. స్టెరాయిడ్ తీసుకున్నవైపు మరణాలు 7 శాతానికి తగ్గాయి. మంచి ఐబీడీ కేంద్రాల్లో ఇవాళ ఈ మరణాలు ఒక శాతం దగ్గరకు వచ్చాయి. స్టెరాయిడ్ పేరు చెప్పగానే భయపడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఏళ్ల తరబడి వాడితే ఎముకలు, కళ్లు, షుగరు దెబ్బతింటాయన్న భయం న్యాయమైనదే. కానీ తీవ్రమైన దాడిలో మొదటి రోజున నరంలోకి ఎక్కించే స్టెరాయిడ్‌ను వద్దనడం ప్రాణంతో చెలగాటమే.

మూడో రోజు లెక్క

నరంలోకి ఇచ్చిన స్టెరాయిడ్‌కు ముగ్గురిలో ఇద్దరు తేరుకుంటారు. మిగతా ఆ ఒక్కరి సంగతి ఏమిటన్నదే ఆసుపత్రి నాణ్యతకు అసలు గీటురాయి. ఆక్స్‌ఫర్డ్ బృందమే 1996లో దీనికి ఒక దారి చూపింది. మూడో రోజున రోగికి ఎన్ని విరేచనాలయ్యాయో, నెత్తుటిలో ఒంట్లోని మంటను చూపే సీఆర్‌పీ ఎంతుందో చూడండి అన్నారు. విరేచనాలు ఎనిమిది దాటితే, లేదా మూడు నుంచి ఎనిమిది మధ్య ఉండి సీఆర్‌పీ 45 దాటితే, అలాంటివాళ్లలో 85 శాతం మందికి ఆ విడతలోనే పెద్దపేగు తీసేయాల్సి వస్తోందని వాళ్లు గమనించారు. అప్పటికి స్టెరాయిడ్ తర్వాత ఇవ్వదగిన బలమైన మందులు చాలా తక్కువ.

ఇప్పుడున్నాయి కాబట్టే మూడో రోజు ఇంకా విలువైనదైంది. స్టెరాయిడ్‌కు లొంగని రోగులకు సైక్లోస్పోరిన్ పనిచేస్తుందని 1994లో ఒక చిన్న పరీక్ష చూపింది. మందు తీసుకున్న 11 మందిలో 9 మంది కోలుకున్నారు, ఉత్త సెలైన్ ఎక్కించిన 9 మందిలో ఒక్కరూ కోలుకోలేదు. 2005లో స్వీడన్, డెన్మార్క్ వైద్యులు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే సూదిమందు గురించి చెప్పారు. ఒక్క డోసుతోనే చాలామంది పేగు నిలిచింది. మన లూథియానా వైద్యులు 2024లో ప్రచురించిన పరీక్షలో స్టెరాయిడ్‌తో పాటు మొదటి నుంచే టోఫాసిటినిబ్ మాత్ర ఇచ్చి చూశారు. 104 మంది రోగుల్లో, ఏడో రోజుకు ఆ మాత్ర కలిపినవాళ్లలో 83 శాతం, కలపనివాళ్లలో 59 శాతం మంది తేరుకున్నారు. సూదిమందు కొనలేని కుటుంబాలున్న దేశంలో ఒక మాత్ర ఇంత చేయగలిగిందంటే, ఇది మనవాళ్లు ప్రపంచానికి ఇచ్చిన మంచి కబురు.

అయితే ఈ లెక్క తేలాలంటే విరేచనాలు ఎవరో ఒకరు రాయాలి. ఎన్ని సార్లు, నెత్తురు ఎంత, రాత్రి ఎన్ని. రౌండ్లకు వచ్చిన డాక్టరు గారు "మోషన్స్ ఎలా ఉన్నాయమ్మా?" అంటే "కాస్త తగ్గాయండీ" అనడం మనకు అలవాటు. కాస్త అనే మాటలో పదిహేను ఉండవచ్చు, ఆరు ఉండవచ్చు. మంచం దగ్గర ఒక కాగితం, ఒక పెన్ను పెట్టుకోండి. రోగి ఓపిక లేక పడుకుంటే తోడున్నవాళ్లు రాయండి. ఆ కాగితం కేసు షీటంత ముఖ్యమైనది.

నెత్తురు పోతుంటే నెత్తురు గడ్డకట్టనివ్వని సూదా?

ఔను. ఇది చాలామందికి మింగుడుపడదు. పేగుపూత ఉన్నవాళ్లకు కాలి సిరల్లో, ఊపిరితిత్తుల్లో నెత్తురు గడ్డకట్టే ముప్పు మామూలు మనుషులకంటే దాదాపు మూడు రెట్లు. జబ్బు తిరగబెట్టిన రోజుల్లో అది ఎనిమిది రెట్ల దాకా వెళ్తుందని 2010లో బ్రిటన్ నుంచి వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. ఒంట్లో మంట రగిలినప్పుడు నెత్తురు చిక్కబడి గడ్డకట్టడానికి సిద్ధంగా ఉంటుంది. దానికి తోడు మంచం పట్టడం, ఒంట్లో నీళ్లు తగ్గడం. అందుకే ఆసుపత్రిలో చేరిన రోజు నుంచే పొట్ట చర్మం కింద చిన్న డోసులో హెపారిన్ ఇవ్వాలి. ఆ డోసుకు పేగు నెత్తురు మామూలుగా పెరగదు. ప్రాణం మీదికొచ్చేంత నెత్తురు పోతుంటే తప్ప దాన్ని ఆపకూడదు.

"అయ్యా, లోపల నెత్తురు కారుతుంటే పలచబడే సూది వేస్తారా?" అని బంధువులు సిస్టర్‌తో గొడవ పడటం, ఆవిడ మాటెందుకొచ్చిందిలే అని సూది వాయిదా వేయడం జరుగుతుంటాయి. బంధువుల భయానికి కారణముంది. దాన్ని పోగొట్టాల్సింది వైద్యులే, మొదటి రోజే, రెండు మాటల్లో.

బ్రిటన్ తనను తాను కొలుచుకుంది

2006లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ ఆధ్వర్యంలో బ్రిటన్ ఆసుపత్రులన్నిటినీ ఒకే ప్రశ్నల పట్టికతో అడిగారు. మీ దగ్గర చేరిన పేగుపూత రోగులకు హెపారిన్ ఇచ్చారా? మలం పరీక్షకు పంపారా? బరువు తూచారా? ఐబీడీ నర్సు వచ్చి చూసిందా? ప్రతి ఆసుపత్రికీ తన జవాబులు, మిగతావాళ్లతో పోలిక విడిగా పంపారు.

మొదటి విడత జవాబులు తలదించుకునేలా ఉన్నాయి. హెపారిన్ అందినవాళ్లు సగం మందికి కాస్త అటూ ఇటూగా ఉన్నారు. చాలా ఆసుపత్రుల్లో ఐబీడీ నర్సు అనే మనిషే లేదు. నాలుగు విడతలు గడిచి 2013 నాటి రోగుల వివరాలు చూసేసరికి పదిమందిలో తొమ్మిది మందికి హెపారిన్ అందుతోంది. అల్సరేటివ్ కొలైటిస్‌తో చేరినవాళ్లలో మరణాలు సగానికి తగ్గాయి. కొత్త మందుల పాత్ర ఇందులో లేదనను. కానీ హెపారిన్ కొత్త మందు కాదు, మలం పరీక్ష అంతకన్నా కాదు. మళ్లీ మళ్లీ లెక్క అడుగుతారని తెలియడం వల్ల అవి మొదలయ్యాయి. మన రాష్ట్రాల్లో బోధనాసుపత్రులూ కార్పొరేట్ ఆసుపత్రులూ కలిసి ఇలాంటి పట్టిక ఒకటి నింపి, రోగులకు కూడా కనబడేలా పెడితే ఎంత మేలు జరుగుతుందో ఊహించండి. దీనికి కావలసింది భవనాలు కాదు, సంకల్పం.

ఐబీడీ నర్సు అంటే ఏమిటో చెప్పాలి. ఈ ఒక్క జబ్బులోనే శిక్షణ పొందిన నర్సు. రోగుల ఫోన్‌కు జవాబిస్తుంది, జబ్బు తిరగబెడుతోందని గుర్తుపట్టి త్వరగా పిలిపిస్తుంది, మందుల రక్తపరీక్షలు గడువు దాటకుండా చూస్తుంది. 2009 నాటి బ్రిటిష్ ప్రమాణం రెండున్నర లక్షల జనాభాకు పూర్తికాలపు కొలువు లెక్కన కనీసం ఒకటిన్నర నర్సు. 2019లో దాన్ని రెండున్నరకు పెంచారు.

మలం పరీక్ష మరిచిపోతే

తీవ్రమైన పేగుపూతలా కనబడేది అసలు జబ్బు తిరగబెట్టడం కాకపోవచ్చు. క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే సూక్ష్మజీవి, ముఖ్యంగా యాంటీబయాటిక్స్ వాడాక, పుండుపడిన పేగు మీద మళ్లీ దాడి చేస్తుంది. పాత పేగుపూత రోగికి అది సోకితే ప్రమాదం బాగా పెరుగుతుంది. మన దగ్గర అమీబాను కూడా చూడాలి. స్టెరాయిడ్‌కు లొంగనివాళ్లలో సీఎంవీ వైరస్ కోసం పేగు ముక్కను పరీక్షించాలి. ఆ ముక్క తీయడానికి మొత్తం కొలనోస్కోపీ అక్కర్లేదు. చివరి భాగం వరకు గొట్టం పెట్టి చూస్తే చాలు, దానికి కడుపు ఖాళీ చేసే లీటర్ల కొద్దీ మందు తాగించనక్కర్లేదు. వాచిన పేగులో పూర్తి స్కోపీ చేస్తే పేగు చిల్లుపడే ముప్పుంది.

వద్దనాల్సిన మాత్రలు

కడుపునొప్పి అనగానే వేసే డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమాత్రలు పేగుపూతను రేపవచ్చు. విరేచనాలు ఆపే లోపరమైడ్, నల్లమందు జాతి నొప్పిమందులు ఇంకా ప్రమాదం. తీవ్రమైన దాడిలో అవి పేగు కదలికను ఆపేస్తే పెద్దపేగు బుడగలా ఉబ్బవచ్చు. ఎక్స్‌రేలో పెద్దపేగులో అడ్డంగా సాగే భాగం వెడల్పు 6 సెంటీమీటర్లు దాటిందంటే అది అత్యవసర పరిస్థితి. ఇలాంటప్పుడు విరేచనాలు ఒక్కసారిగా తగ్గిపోవచ్చు కూడా. తగ్గాయని సంతోషించేలోపు పొట్ట ఉబ్బరం, నాడి వేగం చూసుకోవాలి.

పథ్యం

కడుపుకు విశ్రాంతినివ్వాలని రోజుల తరబడి పస్తుంచి సెలైన్‌తోనే నెట్టుకురావడం ఒకప్పటి పద్ధతి. దానివల్ల అల్సరేటివ్ కొలైటిస్‌లో ఏ మేలూ లేదని 1980ల్లోనే పరీక్షలు తేల్చాయి. నష్టం మాత్రం ఉంది. నెత్తురుతో పాటు మాంసకృత్తులూ పోతున్న మనిషిని పస్తుంచితే కండ కరుగుతుంది, ఆపరేషన్ అవసరమైతే గాయం మానదు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు తీవ్రమైన దాడిలో ఏడు రోజులు పూర్తిగా ద్రవ పోషకాహారం ఇచ్చి, మామూలు తిండి తిన్నవాళ్లతో పోల్చి చూశారు. స్టెరాయిడ్ విఫలమైన సందర్భాలు ద్రవాహారం వైపు తక్కువగా కనబడ్డాయి. చిన్న పరీక్ష కాబట్టి తేడా పూర్తిగా రుజువైందనలేం, కానీ పస్తుకు ఇది గట్టి సమాధానం. గంజి, మజ్జిగ మాత్రమే ఇస్తే సరిపోదు. డైటీషియన్‌ను పిలవమని అడగండి.

టీబీనా, క్రోన్సా?

మన దేశంలో ఇది పెద్ద చిక్కుముడి. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట పుండు, సన్నబడిన పేగు, జ్వరం, బరువు తగ్గడం. రెండు జబ్బులకూ ఇవే లక్షణాలు. పేగు ముక్క పరీక్ష కూడా చాలాసార్లు తేల్చదు. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే టీబీ పాకుతుంది. క్రోన్స్‌ను టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు మింగిస్తే ఆలోగా పేగు సన్నబడిపోతుంది. టీబీ మందులు మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు మళ్లీ స్కోపీ చేసి, పుండ్లు మానాయో లేదో చూడటం మన వైద్యులు బాగా వాడుతున్న పద్ధతి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందులు ఒంట్లో నిద్రపోతున్న టీబీని లేపగలవు. అందుకే వాటికి ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష, హెపటైటిస్ బీ పరీక్ష తప్పనిసరి. తీవ్రమైన దాడితో చేరినవాళ్లకు వీటిని మొదటి రోజే పంపాలి. మూడో రోజున మందు కావాల్సి వచ్చినప్పుడు రిపోర్టు కోసం ఎదురుచూసే వ్యవధి ఉండదు.

సర్జన్‌ను ముందే పిలవాలి

ఆపరేషన్ మాట ఎత్తగానే "ఇంకొన్ని రోజులు మందులతో చూద్దాం సార్" అనడం సహజం. కానీ అమెరికా ఆసుపత్రుల లెక్కల్లో, చేరిన మూడు రోజుల్లోపు పెద్దపేగు తీయించుకున్నవాళ్లతో పోలిస్తే ఆరు రోజులు దాటాక తీయించుకున్నవాళ్లలో మరణాలు దాదాపు రెట్టింపు. ఇలాంటి ఆపరేషన్లు తక్కువగా చేసే ఆసుపత్రుల్లో ముప్పు ఇంకా ఎక్కువ. అంటే చేరిన తొలి రోజుల్లోనే సర్జన్ వచ్చి రోగితో మాట్లాడిపోవాలి. ఆపరేషన్ చేస్తామని బెదిరించడానికి కాదు, అవసరమైతే ఎలా ఉంటుందో రోగికి తెలియడానికి.

పెద్దపేగు తీశాక మలం పట్టే సంచిని పొట్ట మీద ఎక్కడ పెట్టాలో కూడా ఆపరేషన్‌కు ముందే గుర్తు పెడతారు. రోగిని పడుకోబెట్టి, కూర్చోబెట్టి, నిలబెట్టి చూస్తారు. చీర కుచ్చిళ్లు దోపే చోట, లంగా బొందు బిగిసే చోట, ప్యాంటు బెల్టు ఒత్తుకునే చోట పడితే సంచి నిలవదు. లీకవుతుంది, చర్మం పుండవుతుంది. పది నిమిషాల ఆ పని మీద ఏళ్ల జీవితం ఆధారపడుతుంది. సంచి చాలామందికి శాశ్వతం కూడా కాదు. లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో పార్క్స్, నికల్స్ అనే సర్జన్లు చిన్నపేగు చివరనే మడిచి సంచిలా కుట్టి మలద్వారానికి కలిపే పద్ధతిని 1978లో ప్రకటించారు. ఆడపిల్ల పెళ్లి ఏమవుతుందోనని ఆపరేషన్ వాయిదా వేసే తల్లిదండ్రులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

భీమవరం నుంచి ఒక మందు

క్రోన్స్ రోగులకిచ్చే మెథోట్రెక్సేట్ వెనుక మన యల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన, స్ప్రూ అనే పేగు జబ్బుకు అన్నదమ్ములను పోగొట్టుకున్నారు. అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన విభాగానికి అధిపతిగా ఫోలిక్ ఆమ్లం తయారీని నడిపించారు, దానికి విరుద్ధంగా పనిచేసే మందులనూ తన బృందంతో తయారు చేయించారు. మెథోట్రెక్సేట్ అందులో ఒకటి. మొదట లుకేమియాకు వాడిన ఆ మందు క్రోన్స్‌లోనూ పనిచేస్తుందని 1995లో రుజువయ్యేసరికి ఆయన కన్నుమూసి 47 ఏళ్లయింది. ఇది వారానికి ఒక్కసారే వేయాల్సిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం పోతుంది. చీటీ మీద వారం పేరు తెలుగులో రాసిస్తే మంచిది. దీనికి తోడుగా ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఆయన ప్రయోగశాల పుణ్యమే. గర్భం దాల్చాలనుకునే స్త్రీలు మాత్రం మెథోట్రెక్సేట్ వాడకూడదు.

డిశ్చార్జి చీటీలో ఏముండాలి?

స్టెరాయిడ్ ఏ వారం ఎంత తగ్గించాలో తేదీలతో ఉండాలి. ఒక్కసారిగా ఆపేస్తే ఒంట్లో సహజంగా ఊరే హార్మోను అందక మనిషి కుప్పకూలవచ్చు, డాక్టరు చెప్పకుండా నెలలు సాగదీస్తే ఎముక గుల్లబారుతుంది. అందుకే వాడినన్నాళ్లూ కాల్షియం, విటమిన్ డీ. స్టెరాయిడ్ తర్వాత ఏ మందు మీద నిలబడాలి, రక్తపరీక్ష ఎప్పుడు, మళ్లీ నెత్తురు కనబడితే ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి కూడా కావాలి. ఇంకొకటి తరచుగా వదిలేస్తారు: జబ్బు మొదలైన సంవత్సరం. పెద్దపేగు చాలా భాగం పుండుపడినవాళ్లకు లక్షణాలు మొదలైన ఎనిమిదేళ్ల నుంచి క్యాన్సర్ కోసం క్రమం తప్పకుండా కొలనోస్కోపీ చేయాలి. ఆసుపత్రి మారినా, డాక్టరు మారినా ఆ ఎనిమిదేళ్లు లెక్కపెట్టడానికి చీటీలో ఆ సంవత్సరం ఉండి తీరాలి.